గున్నేశ్వరరావు మాస్టారి అర మార్కు

పెనుగొండకి కాస్త దూరంలో, కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఆ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్‌లో నూటికి నూరు ఎవరికీ రాలేదు. ప్రశ్నలు కష్టమని కాదు. పేపర్లు దిద్దేది గున్నేశ్వరరావు మాస్టారు. ఎంత బాగా రాసినా ఎక్కడో ఒకచోట అర మార్కు కోసేస్తారు. పటంలో బాణం గుర్తు పెట్టలేదని, యూనిట్ మర్చిపోయారని, యూనిట్ గుర్తున్నా దాన్ని పక్క లైన్లోకి తోసేశారని. కోసి ఊరుకోరు. మార్జిన్‌లో ఎర్ర సిరాతో కారణం రాసి, చివర ‘అర మార్కు కోయడమైనది’ అని ప్రభుత్వ ఉత్తర్వులా ముగిస్తారు. ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు పిల్లల తండ్రులైనవాళ్లు పెళ్లి భోజనాల్లో పక్కపక్కన కూర్చుంటే, వడ్డన మొదలయ్యేలోపు ఒకసారి ఆ అర మార్కు ప్రస్తావన వస్తుంది. మాస్టారికి ఆ సంగతి తెలుసు. తెలిసి, తెలియనట్టు ఉండడం ఆయనకి ఇష్టం.

ఇంకొకటి కూడా ఆయనకి ప్రత్యేకం. ప్రశ్న అడిగి ఎదురుచూస్తారు. జవాబు వచ్చేదాకా ఎదురుచూస్తారు. ఇత్తడి గిన్నెలో రూపాయి బిళ్ల వేసి, అది కనబడకుండా పోయేదాకా పిల్లల్ని వెనక్కి జరిపి, చెంబుతో నీళ్లు పట్టుకుని, "ఇప్పుడు పోస్తే ఏమవుతుందిరా?" అంటారు. తరవాత నోరు మెదపరు. క్లాసు గుసగుసలాడుతుంది, పందేలు వేసుకుంటుంది, ఎవడో ఒకడు తప్పు చెప్తాడు. అప్పుడు పోస్తారు. దాక్కున్న బిళ్ల పైకి తేలినట్టు కనిపిస్తుంది. క్లాసంతా "ఓ" అంటుంది. ఆయన ఇన్నేళ్లుగా బడికి వస్తున్నది ఆ "ఓ" కోసం. జీతం వేరే సంగతి.

పూజిత వచ్చాక ఆ "ఓ" ఆగిపోయింది.

పూజిత పెనుగొండ బజారులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే శివరామకృష్ణ గారి అమ్మాయి. కొత్తగా డీఎస్సీలో సెలెక్టయి, అదే బడికి రెండో ఫిజిక్స్ టీచరుగా వచ్చింది. ఎనిమిది, తొమ్మిది తరగతులు ఆమెవి. పది మాస్టారిది. వచ్చిన కొన్నాళ్లకే ఫోను స్టాండుకి బిగించి, నిమిషం లోపు వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. మజ్జిగ చిలికితే వెన్నెందుకు తేలుతుంది, రైసుమిల్లు బెల్టు ఎందుకు జారదు, ఐసు ముక్క చేతికి ఎందుకు అంటుకుంటుంది. వీడియో అయ్యేముందు చిటికె వేసి "చూశారా!" అంటుంది. మొదట బళ్లో పిల్లలు చూశారు. తరవాత పక్క మండలాల పిల్లలు చూశారు. ఆ తరవాత తుని నుంచి మాస్టారి బావమరిది బుల్లబ్బాయి ఫోన్ చేసి, "బావగారూ, మీ స్కూలు మేడం మా వీధిలో కూడా ఫేమస్ అండి" అన్నాడు.

పూజిత ఆయన శిష్యురాలు కాదు. అదే ఇబ్బంది. శిష్యురాలైతే గర్వపడే వసతి ఉండేది. ఉపాధ్యాయులు పరాయి పిల్లల ఎదుగుదల చూసి ఆనందిస్తారని సెప్టెంబరులో ఒకరోజు వేదికల మీద చెప్పుకుంటాం. ఎదురు టేబుల్ దగ్గర కూర్చునే మనిషి ఎదుగుదల విషయంలో ఆ మాట పనిచేయదు. మాస్టారు తాను వీడియోలు చూడనని స్టాఫ్‌రూమ్‌లో చెప్పేవారు. కానీ ఏ వీడియో ఎంతమంది చూశారో అడక్కుండానే చెప్పగలిగేవారు. వీడియోలో ఆమె వెనక అరలో ఉన్న గిన్నెల మీద కొట్టు స్టిక్కర్లు కూడా ఊడదీయలేదని ఆయన గమనించారు. మాట తొందరని గమనించారు. ఆ జుంకాలు అవసరమా అనుకున్నారు. అన్నీ గమనించాక కూడా వీడియో బాగుండడం ఆయన్ని బాగా కుదిపింది.

ఫిబ్రవరిలో పదో తరగతికి వక్రీభవనం రివిజన్ వచ్చింది. గిన్నె పెట్టారు, బిళ్ల వేశారు, పిల్లల్ని జరిపారు. చెంబు ఎత్తి, "ఏమవుతుందిరా?" అన్నారు.

"బిళ్ల మళ్లీ కనపడుద్దండి," అన్నాడు మొదటి బెంచీ కుర్రాడు, ఊపిరి కూడా పీల్చకుండా.

"నువ్వెక్కడ చూశావురా?"

"పూజిత మేడం వీడియోలోనండి. నలభై సెకన్లేనండి."

"మేడం స్టీలు గిన్నె పెట్టి దగ్గర్నుంచి తీశారండి," వెనకనుంచి ఒక అమ్మాయి సాయం వచ్చింది. "బిళ్ల పైకి రావడం క్లియర్‌గా కనపడుద్దండి. ఇత్తడి గిన్నె అయితే ఇక్కడికి సరిగ్గా కనపడదండి మాస్టారూ."

చెంబులో నీళ్లున్నాయి కాబట్టి పోశారు. బిళ్ల కనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒకడు మర్యాదకి చిటికె వేశాడు.

అదే వారం స్టాఫ్ మీటింగులో హెచ్చెమ్ హెలెన్ గారు ఇంకో మాట అన్నారు. హెలెన్ గారు మెత్తగా మాట్లాడతారు, మాట వెనక్కి తీసుకోరు. "జూన్ నుంచి టెన్త్ ఫిజిక్స్ పూజిత మేడంకి ఇమ్మని పేరెంట్స్ కొందరు అడుగుతున్నారండి. నేనింకా ఏమీ అనుకోలేదు. సెలవులకి ముందు చెప్తాను."

ఊళ్లో ‘పదో తరగతి మాస్టారు’ అనేది ఒక హోదా. కిళ్లీ కొట్టు దగ్గర లేచి నిలబడతారు, పెళ్లి పిలుపులకి భార్యాభర్తలిద్దరూ వస్తారు. ‘ఎనిమిదో తరగతి మాస్టారు’ అనే మాట తెలుగులో ఎవరూ అనగా వినలేదు. గున్నేశ్వరరావు గారికి తండ్రి ఇచ్చిన మూడెకరాలున్నాయి, పెద్దమ్మాయి పెళ్లయింది, బీపీ లేదు. పోగొట్టుకోవడానికి ఆయన దగ్గరున్నది పదో తరగతి ఒక్కటే.

కాబట్టి ఆయన కూడా వీడియో తీశారు. ఆదివారం పెరట్లో, భార్య మీనాకుమారి గారి చేతికి ఫోనిచ్చి, ఇత్తడి గిన్నె ముందు నిలబడ్డారు. బిళ్ల వేశారు. చెంబు ఎత్తారు. "ఇప్పుడు నీళ్లు పోస్తే ఏమవుతుంది?" అని కెమెరాని అడిగారు. అడిగి, ఎదురుచూశారు.

కెమెరా జవాబు చెప్పలేదు. కాకి అరిచింది. ఆయన ఎదురుచూశారు.

"కానివ్వండి, అవతల పప్పు మాడుతోంది," అంది కెమెరా వెనకనుంచి మీనాకుమారి గారి గొంతు.

"ఆలోచించుకోడానికి టైమివ్వాలే."

"ఆలోచించానండి. కనపడుద్ది. పొయ్యండి."

అది అలాగే పెట్టేశారు. కత్తిరించడం ఆయనకి రాదు. వచ్చినా కత్తిరించి ఉండేవారు కాదు. చూసినవాళ్లలో చుట్టాలే ఎక్కువ. సాయంత్రం బుల్లబ్బాయి ఫోను.

"వీడియో బాగుందండి బావగారూ. కాకపోతే మధ్యలో ఆగిపోయిందండి. మా నెట్టు స్లో."

"ఆగలేదు బుల్లబ్బాయ్. పిల్లలు ఆలోచించుకోడానికి ఇచ్చిన టైమది."

"అదాండీ! నేను మూసి మళ్లీ పెట్టానండి. మళ్లీ అక్కడే ఆగిందండి."

మాస్టారు ఇంకో వీడియో తీయలేదు. ప్రశ్నకి, జవాబుకి మధ్య ఖాళీ ఉంచడమే ఆయన విద్య. ఆ తెర మీద చెల్లనిది కూడా అదే. ఈ సంగతి ఆయనకి అర్థమైంది. అర్థమైనందువల్ల మనసు తేలికపడుతుందని పుస్తకాల్లో రాస్తారు. ఆయనకి ఇంకొంచెం మండింది.

మార్చిలో పూజిత కాలువ వీడియో పెట్టింది. రెండో పంటకి, దాళ్వాకి, వదిలిన నీళ్లు అప్పుడు తేటగా ఉంటాయి, గట్టు మీద నిలబడితే అడుగున గులకరాళ్లు కూడా కనిపిస్తాయి. బడి వెనకున్న రేవు దగ్గర నిలబడి చెప్పింది: "నీళ్ల లోతు మన కంటికి నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది. కాలువ అడుగు మీకు మూడడుగుల్లో ఉందనిపిస్తే అసలు లోతు నాలుగు. అంతే! చూశారా!"

మాస్టారు దాన్ని ఉదయం కాఫీ దగ్గర చూశారు. గ్లాసు కింద పెట్టి మళ్లీ చూశారు. ఆ క్షణంలో ఆయన మొహంలో వచ్చిన వెలుగు పెళ్లిచూపుల నాడు కూడా తాను చూడలేదని మీనాకుమారి గారు తరవాత చాలామందికి చెప్పారు. తప్పు దొరికింది. నాలుగింట మూడు వంతులనేది నీళ్లలోకి నిట్టనిలువుగా చూసేవాడికి. గట్టు మీద నిలబడి వాలుగా చూసేవాడికి అడుగు ఇంకా పైకి తేలి కనిపిస్తుంది. ఎంత వాలితే అంత. మనిషి లోతు నీళ్లు మోకాలి లోతులా మోసం చేయగలవు.

నేరుగా వెళ్లి చెప్పొచ్చు. ఎదురు టేబులే. చెప్తే ఆమె "అవునండి మాస్టారూ, థాంక్సండి" అని దిద్దుకుని, ఇంకో వీడియో పెట్టి, దానికి ఇంకో పదివేల మందిని పోగేస్తుంది. ఆయనకి అది ఇష్టం లేదు. ఆమె తప్పు అందరి ముందూ తప్పుగా ఉండాలి, పట్టింది మాత్రం తానని తెలియకూడదు. ఫోనులో కొత్త ఖాతా తెరిచి, భానుతేజ అని పేరు పెట్టి, పదో తరగతి విద్యార్థినని రాసుకుని, వీడియో కింద కామెంట్ పెట్టారు:

‘మేడం గారికి నమస్కారం అండి. వీడియో బాగున్నది. అయితే పరిశీలకుడు వాలుగా చూచినప్పుడు లోతు నాలుగింట మూడు వంతులు కాక మరింత తక్కువగా కనపడును. ఇది ప్రస్తావించలేదు. కిరణ చిత్రం గీయలేదు. అర మార్కు కోయడమైనది.’

చేతికి అలవాటైన పని. చివరి వాక్యం ఎప్పుడు రాశారో ఆయనకే తెలియదు.

మధ్యాహ్నం అన్నాల వేళకి ఊరంతా భానుతేజని గుర్తుపట్టింది. ‘మాస్టారూ, బాగున్నారా అండీ?’ అని కువైట్ నుంచి పోతురాజు అనేవాడు రాశాడు. ‘అద్దం బొమ్మలో నాకూ కోశారండి, ఇంకా గుర్తుంది.’ ‘భానుతేజా, నువ్వు పుట్టకముందే నాకు అర మార్కు పోయింది బాబూ’ అని రాజమండ్రిలో నర్సుగా చేస్తున్న పావని. ఒకడు పాత జవాబు పత్రం ఫొటోయే పెట్టాడు. ఎర్ర సిరా వెలిసిపోలేదు. అందరూ నవ్వుకున్నారు, పేరు పేరునా పలకరించుకున్నారు. వాలుగా చూడడం గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.

"భానుతేజ గారూ, కాఫీ తెమ్మంటారా?" అన్నారు సాయంత్రం మీనాకుమారి గారు.

"పరాచికాలాపు."

"పరాచికం కాదండి. పదో తరగతి పిల్లాడివి, పబ్లిక్ పరీక్షలు కూడాను. కాఫీ కాకపోతే పాలు ఇవ్వమంటావా బాబూ?"

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో పూజిత హాజరు పట్టీ ముందేసుకుని కూర్చుంది. "మాస్టారూ, భానుతేజ ఏ సెక్షనండీ? నాకెక్కడా కనపడట్లేదు."

"ఎవరు రాస్తే ఏంటమ్మా, తప్పు తప్పే."

"తప్పేంటో ఎవరు చదివారండి? కింద అంతమంది రాశారు, అందరూ మీ అర మార్కు గురించే. నా కాలువ గురించి ఒక్కళ్లు రాయలేదు." ఆమె నవ్వుతూనే అంది కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఏ వీడియోకీ తనకి అన్ని పలకరింపులు రాలేదు. "వాలుగా సంగతి తర్వాత దిద్దుతాను లెండి."

అలా అని ఆమె దిద్దలేదు. ఆయన మళ్లీ అడగలేదు. ఆమె కుళ్లు ఆమెది, ఆయన కుళ్లు ఆయనది. మధ్యలో వీడియో జనం చూస్తూనే ఉన్నారు.

ఆ శనివారం కాలువ లాకుల దగ్గర పనిచేసే జీవరాజు, ఎనిమిదో తరగతి చదివే కూతురు చిన్నిని చెయ్యి పట్టుకుని బడికి లాక్కొచ్చాడు. పిల్ల జుట్టు ఇంకా తడిగానే ఉంది. హెలెన్ గారి గదిలోకి ఇద్దరు ఫిజిక్స్ టీచర్లనీ పిలిపించారు.

"ఎవరండీ మూడడుగులంటే నాలుగని చెప్పింది?" అన్నాడు జీవరాజు. "దీని ఫ్రెండూ ఇదీ కలిసి మేడంగారిలాగా వీడియో తీస్తారంటండి, కాలువలో దిగారు. ఇది మెడ దాకా మునిగిపోయిందండి! పక్కన గేదె పలుపు దొరికింది కాబట్టి పట్టుకుంది. గేదె కదల్లేదు, మా అదృష్టం. పైకి లాగి రెండు తగిలిస్తే ఏమంటోందో తెలుసాండీ? లెక్క కరెక్టే నాన్నా అంటోంది!"

"కరెక్టేనండి," అంది చిన్ని, ముక్కు తుడుచుకుంటూ. "గట్టు మీంచి చూస్తే రెండున్నర అడుగులు కనపడిందండి. నాలుగుతో హెచ్చించి మూడుతో భాగించానండి. నడుం దాకానే రావాలండి."

పూజిత మొహం పాలిపోయింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు.

జీవరాజుకి సర్ది చెప్పి, పిల్లకి టీ ఇప్పించి పంపేశాక హెలెన్ గారు తలుపు దగ్గరగా వేశారు.

"వాలుగా చూస్తే లెక్క తప్పుతుందని మీకు ముందే తెలుసు కదండీ మాస్టారూ?"

"కామెంట్ పెట్టాను కదండీ."

"మీరు పెట్టలేదండి. భానుతేజ పెట్టాడు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఎదురుగా కూర్చునే మనిషికి నోటితో చెప్పడానికి ఏమడ్డం వచ్చిందండీ?"

అడిగి, ఎదురుచూశారు. ఆ విద్య ఆయన ఒక్కరి సొత్తు కాదు. ఫ్యాను తిరిగింది. బయట అటెండరు బెల్లు కొట్టి వెళ్లిపోయాడు. ఆవిడ ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆయన దగ్గర జవాబుంది. అయితే అది పదో తరగతి మాస్టారు పైకి చెప్పగలిగిన జవాబు కాదు.

"సెలవుల దాకా ఎందుకు, ఇప్పుడే చెప్తున్నాను," అన్నారు చివరికి హెలెన్ గారు. "జూన్ నుంచి టెన్త్ పూజితకి. ఎనిమిది, తొమ్మిది మీకు. నువ్వేం సంబరపడక్కర్లేదమ్మా పూజితా, చదివి కూడా ఊరుకున్నావు. ఇకనుంచి ఏ వీడియో అయినా మాస్టారు చూసి సరేనన్నాకే పెట్టాలి. ఆ కాలువది ఇవాళే తీసెయ్. మళ్లీ సరిగ్గా తియ్యి."

మళ్లీ తీసిన రోజు మాస్టారు కూడా గట్టుకి వెళ్లారు. వెళ్లక తప్పలేదు. అడుగడుక్కీ ఎర్ర గీత పెట్టిన వెదురు గెడని నీళ్లలో నిలువుగా పట్టుకోవడానికి మనిషి కావాలి. రేవు అంచుకొచ్చి తిన్నగా కిందికి చూస్తే గీతలు కాస్తే దగ్గరపడ్డాయి. గట్టు మీదికి జరిగిన కొద్దీ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, లోతు సగానికి సగం మాయమైంది. ఈసారి పూజిత తొందరపడలేదు. "అసలు లోతు కంటితో లెక్కగట్టొద్దు. కర్ర దింపి చూడండి, పెద్దవాళ్లుంటేనే దిగండి," అంది. చిటికె వేయలేదు. వీడియో అంతకు ముందుదాని కంటే బాగా వచ్చింది. ఎక్కువమంది చూశారు. అందులో మాస్టారివి రెండు చేతులూ, చొక్కా అంచూ కనిపిస్తాయి. ఆ గెడ ఎవరు పట్టుకున్నారని ఎవరూ అడగలేదు.

జూన్‌లో బళ్లు తెరిచాక పదో తరగతి పై అంతస్తులోకి మారింది. మాస్టారు కింద, కాలువ వైపు గదిలో, ఎనిమిదో తరగతి వాళ్లకి పీడనం చెప్తున్నారు. వీడియోలు మాత్రం హెచ్చెమ్ గారి మాట ప్రకారం ముందు ఆయనకే వస్తాయి. ఆయన చూస్తారు, మార్కులేస్తారు, అర మార్కు కోస్తారు, కారణం రాస్తారు. పూజిత దిద్దుకుని మళ్లీ పంపుతుంది. పని సాఫీగా సాగిపోతోందని హెలెన్ గారు పైవాళ్లకి చెప్పారు. పని సాఫీగానే సాగుతోంది. ఆయనకి మాత్రం ఇప్పటికీ మెట్ల మీద ఆమె సుద్దముక్కల డబ్బా చప్పుడు వినిపిస్తే నోట్లో చేదు ఊరుతుంది.

మొన్న ఆమె లాకుల వీడియో పంపింది. నీళ్ల లాకు తలుపులు పైనకంటే అడుగున ఎందుకు అంత బలంగా కడతారు అని. మాస్టారు కాఫీ చల్లారేదాకా చూశారు. పటం ఉంది. బాణాలున్నాయి, అడుగుకి వెళ్లిన కొద్దీ పొడుగవుతూ. యూనిట్ పక్క లైన్లోకి పోలేదు. మధ్యలో ఒకచోట, "తలుపు పైన ఎక్కువ బలం పడుతుందా, కిందా?" అని అడిగి, పూజిత ఆగింది. కాలువ హోరు తప్ప ఇంకేమీ వినిపించనంత సేపు ఆగింది. తరవాత జవాబు చెప్పింది.

ఆయన ఆ ఆగిన చోటుని మళ్లీ మళ్లీ చూశారు. తరవాత ‘అయిదుకి నాలుగున్నర. పెట్టవచ్చును’ అని పంపారు.

బెల్లు ముందు పూజిత ఆయన టేబుల్ దగ్గరికొచ్చింది. "కారణం రాయలేదండి మాస్టారూ."

"ఊఁ."

"ఎక్కడ కోశారో చెప్తే దిద్దుకుంటానండి."

మాస్టారు క్లాసుకని తీసిన చెంబు వైపు చూసుకున్నారు. "కోయలేదమ్మా. ఉంచుకున్నాను."

ఆమె నవ్వాలో వద్దో తేల్చుకోలేనట్టు పెదవి కొరుక్కుని, "సరేనండి," అని సుద్దముక్కల డబ్బా తీసుకుని మెట్లెక్కింది.

ఆయన ఇత్తడి గిన్నె తీసుకుని ఎనిమిదో తరగతిలోకి వెళ్లారు. అది ఆ రోజు పాఠం కాదు, అయినా తీసుకెళ్లారు. బిళ్ల వేసి, పిల్లల్ని వెనక్కి జరిపారు. సరిగ్గా అప్పుడే పైనుంచి పదో తరగతి వాళ్లు క్లాసంతా ఒక్కసారిగా "ఓ" అనడం స్పష్టంగా వినిపించింది.

మాస్టారు వెళ్లి కిటికీ తలుపులు రెండూ మూసేశారు. వచ్చి చెంబు ఎత్తి పట్టుకున్నారు.

"ఇప్పుడు పోస్తే ఏమవుతుందిరా?"